గర్జించే నెయిల్ గన్

ఒక పెద్ద అడవిలో, పనులు జరగకుండా చూడటానికి ఒక పంచాయతీ ఉండేది. సింహం దానికి అధ్యక్షుడు, నక్క కార్యదర్శి, ఎలుగుబంటి ఇంజనీరు. ఎలుగుబంటి పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక్క మేకు కొట్టి ఎరగడు. అందుకే ఇంజనీరయ్యాడు. మేకు కొట్టడం వచ్చినవాళ్ళకి పనే సరిపోతుంది, పదవులకి తీరికెక్కడిది.

ఆ పంచాయతీలో ఒక ఆచారం ఉంది. సభలో ఎవరి గొంతు గట్టిగా వినబడితే వాళ్ళ మాటే చెల్లుతుంది. మెల్లగా చెప్పిన మాట ఎంత నిజమైనా చెప్పనట్టే లెక్క. సింహం గర్జించేవాడు, మిగతావాళ్ళు తలూపేవాళ్ళు. దాన్ని పరిపాలన అనేవాళ్ళు.

పోయిన వానల్లో కుందేలు నూకాలు ఒక పిల్లను పోగొట్టుకుంది. ఆమె ఇంటి ద్వారబంధానికీ మట్టిగోడకీ మధ్య వేలెడు సందు ఉంది. పాము అందులోంచే వచ్చింది. మళ్ళీ మబ్బులు పడుతున్నాయి. సందు మీద బీడింగ్ అని, సన్నటి చెక్క పట్టీ బిగిస్తే చాలు. పట్టీలు తన పళ్ళతో తనే చెక్కుకుంది. సుత్తితో కొట్టబోతే ప్రతి దెబ్బకీ గోడమట్టి రాలి సందు పెద్దదవుతోంది. ఒక్క తోపుతో మేకు దించే నెయిల్ గన్ కావాలి. అడవిలో కరెంటు లేదు కాబట్టి బ్యాటరీది కావాలి.

సింహం గుహ ముందు కూడే పంచాయతీకి వెళ్ళి అడిగింది.

"అడవంతటికీ ఒకటి కొందాం. ఎంపిక మాత్రం పద్ధతి ప్రకారం జరగాలి," అన్నాడు నక్క.

పట్నం అంచున కొట్టు పెట్టుకున్న కోతి రెండు నెయిల్ గన్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, సన్న మేకులు వేసేది. రెండోది పెద్దది, ఇంటి కప్పుకి దూలాలు బిగించేది. దాని మేకు ఒక్కోటి పంది కోరంత ఉంది.

"ఏ పనికండీ?" అడిగాడు కోతి.

"బీడింగ్‌కి బాబూ. ఇదిగో, పట్టీ కూడా తెచ్చాను. రెండూ దీని మీదే కొట్టి చూడండి," అంది నూకాలు.

ఆమె గొంతు మెల్లనిది. కాబట్టి ఆమె ఏమీ అననట్టే లెక్క.

కోతి చిన్నదాన్ని నొక్కాడు. టుక్ అంది. సభ నవ్వింది.

"ఇది నెయిల్ గన్నా, బల్లి కూతా?" అన్నాడు ఎలుగుబంటి.

పెద్దదాన్ని నొక్కాడు. ఢామ్మని అడవి అదిరింది. చెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. సింహం కళ్ళు మెరిశాయి.

"అచ్చం అధ్యక్షుల వారి కంఠమే," అన్నాడు నక్క చేతులు కట్టుకుని. ఎంపిక అయిపోయింది.

"బాబూ, అది దూలాలకి. నా పట్టీ నిలువునా చీలిపోతుంది," అంది నూకాలు.

"చూడమ్మా, ఇంత పెద్దది కొనిపెడుతుంటే సన్నాయి నొక్కులు నొక్కకు. పెద్దది చేసే పనిలో చిన్న పని ఇమిడే ఉంటుంది," అన్నాడు నక్క.

ఏనుగు నడిస్తే చీమలకి దారి పడుతుందన్నట్టుంది వాడి లెక్క. కోతికి ఇదేం పట్టలేదు. పెద్దది అంటగట్టి, చిన్నదాన్ని కొసరుగా పడేసి పోయాడు. కొసరుని గుహ గుమ్మం పక్క చెత్తలోకి తన్నాడు ఎలుగుబంటి.

"మరి నా గుమ్మం ఎప్పుడు బాబూ?" అడిగింది నూకాలు.

"ముందు అధ్యక్షుల వారి గుమ్మం. తలుపు సందులోంచి ఆయన వీపుకి చలిగాలి కొడుతోంది. ఆ పట్టీ ఇలా ఇయ్యి," అన్నాడు నక్క.

పిల్లను పోగొట్టుకున్నదాని చేతిలో పట్టీ లాక్కుని, వీపుకి గాలి తగిలినవాడికి బిగించబోయారు. నూకాలు పళ్ళు కొరికింది, కానీ కదల్లేదు. పని కాకుండా వెళ్తే వాన ఆగదు కదా.

మొదటి మేకుకే పట్టీ రెండు ముక్కలయింది. "చెక్క నాసిరకం," అని తేల్చాడు ఇంజనీరు. బదులుగా దూలం లాంటి టేకు చెక్కలు తెప్పించారు. గాలి ఆగిందో లేదో స్వయంగా చూడాలని సింహం లోపల కూర్చున్నాడు. ఆయన ఎక్కడుంటే తానూ అక్కడుండాలని నక్క కూడా దూరాడు. తలుపు వేయించుకున్నారు.

బయట ఎలుగుబంటి చుట్టూ కొట్టుకుంటూ పోయాడు. ఢాం, ఢాం, ఢాం. ప్రతి మేకూ టేకుని దాటి, ద్వారబంధాన్ని దాటి, తలుపు రెక్కలోకి దిగబడింది.

"భేష్, గాలి రావడం లేదు. ఇక తలుపు తియ్యి," అన్నాడు సింహం లోపలినుంచి.

లాగితే తలుపు కదల్లేదు. మేకు కొట్టే యంత్రం కొన్నారు గానీ, పీకే సంగతి ఎవరూ అడగలేదు. అది రాతి గుహ. ఇంకో దారి లేదు. పైన బీటల్లోంచి కాస్త గాలి ఆడుతుంది, అంతే.

సింహం గర్జించాడు. రాయీ టేకూ దాటి వచ్చేసరికి అది చిట్టెలుక కిచకిచలా వినబడింది.

"ఏంటి సార్? వినబడలేదు," అన్నాడు ఎలుగుబంటి.

"ఒరేయ్, తలుపు పగలగొట్టమని అధ్యక్షుల వారి ఆజ్ఞ," నక్క గొంతు చీమ గొంతులా వచ్చింది.

ఎలుగుబంటి పగలగొట్టేవాడేమో. ఇంతలో చుట్టూ చూశాడు. బయట ఉన్నవాళ్ళలో ఇప్పుడు తన గొంతే గట్టిది. ఆ సంగతి మెదడులోకి ఎక్కడానికి కాస్త సమయం పట్టింది, కానీ ఎక్కింది.

"ఆచారం మీకు తెలియనిది కాదు సెక్రటరీ గారూ. మెల్లగా వినబడింది చెల్లదు," అని మెట్టు మీద దర్జాగా కూర్చున్నాడు.

"మరి నా గుమ్మం బాబూ?" అడిగింది నూకాలు.

"చూద్దాంలే," అన్నాడు కొత్త అధ్యక్షుడు, పాతవాడి గొంతుతో.

నూకాలు ఇక అడగలేదు. చెత్తలోంచి కొసరు తీసుకుని ఇంటికి నడిచింది. కొత్త పట్టీలు కొరికి చెక్కుకుంది. టుక్, టుక్, టుక్. గోడ మట్టి రాలలేదు, పట్టీ చీలలేదు. ఆ రాత్రి వాన పడింది. పాము వచ్చి ద్వారబంధం పొడుగునా ముక్కు రాసి రాసి, దారి లేక వెళ్ళిపోయింది. పిల్లలు నిద్రపోయారు.

గుహ లోపల గర్జన మాత్రం ఇంకా సాగుతూనే ఉందట. దగ్గరకెళ్ళి చెవి ఆనిస్తే వినబడుతుందంటారు. ఎవరూ ఆనించరు.

నీతి: చిన్న పనికి పెద్ద తుపాకి కొనే పెద్దలను ఆపకండి, తలుపు మాత్రం వాళ్ళు లోపలికి వెళ్ళాకే బిగించండి.