పూచీ నాదన్న కోటు

సైన్యం నుంచి వచ్చేసినవాళ్లని సోలార్ కంపెనీలు పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్నాయి. ఈ మధ్యకాలంలో ఇంతకంటే మంచిపని మరొకటి జరగలేదని నా నిశ్చితాభిప్రాయం! కాదనేవాళ్లు మా బావ కథ వినండి. విన్నాక కూడా కాదంటే మీకు దేశభక్తి లేదని తేల్చేస్తాను.

బావంటే మా అక్క మొగుడు. సైన్యంలో జనరేటర్లు, కరెంటు లైన్లు చూసేవాడు. మంచులో శిబిరం వేసినా, ఇసుకలో వేసినా అక్కడ దీపం వెలిగించడం ఆయన పని. నలభై దాటగానే ఇంటికి పంపేశారు. వచ్చినవాడు ఊరుకుంటాడా? వీధిలో పాడైన మిక్సీలన్నీ బాగుచేశాడు. అవి అయిపోయాక బాగున్నవాటిని విప్పడం మొదలుపెట్టాడు.

"ఒరే తమ్ముడూ, ఈయన్ని ఎక్కడైనా పనిలో పెట్టించరా. రేపో మాపో ఫ్రిజ్ కూడా విప్పేసేలా ఉన్నారు" అని అక్క నా దగ్గర మొరపెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఒక సోలార్ కంపెనీ ప్రకటన పడింది. దేశాన్ని కాపాడిన చేతులే మీ ఇంటికి వెలుగు తెస్తాయట. మాజీ సైనికులకు ప్రాధాన్యమట. బావ పొంగిపోయి శిక్షణలో చేరాడు. ఫ్రేములు బిగించడం, వైర్లు కలపడం, డాబాకి వేసిన రంధ్రాల్లోంచి నీళ్లు దిగకుండా మూయడం అన్నీ నేర్చుకున్నాడు. ఒక్కటే పొరపాటు. మొదటిరోజు పని ముగించి, బిగించిన ప్యానెళ్ల మీద ఆకుపచ్చ వల కప్పేసి వచ్చాడు. ఎందుకయ్యా అంటే, "మెరుస్తున్నాయి కదా సార్, పైనుంచి శత్రు విమానాలకి కనపడిపోతాయి" అన్నాడట.

ఇలాంటివాణ్ణి డాబా ఎక్కిస్తే సూర్యుడి గతేం కావాలి? అందుకే మేనేజరు ఆయన్ని కిందే, అమ్మకాల పనిలో నిలబెట్టాడు.

ఆ మేనేజరు తెలివికి జోహార్లు! టై కట్టుకుని తలుపు కొట్టే సేల్స్‌వాళ్లని మనం ఎలా సాగనంపుతామో మీకు తెలియనిది కాదు. కొందరం కుక్కని కూడా వదులుతాం. మరి సైనికుడి ముఖాన తలుపు వేస్తారా? చేతులు రావు.

కాకపోతే బావ సొంత పతకాలు తెచ్చి చూపిస్తే మేనేజరు పెదవి విరిచాడు. చిన్నవట, వెలిసిపోయాయట, కంటికి ఆనడం లేదట. కంపెనీ దర్జీ చేత కొత్త కోటు కుట్టించాడు. ఇత్తడి గుండీలు, భుజాల మీద జరీ, ఛాతీ నిండా బిళ్లలు. అవి ఏ యుద్ధంలో వచ్చాయో దర్జీకే తెలియాలి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మెరిస్తే చస్తావని నేర్పారు. ఇప్పుడు మెరవకపోతే ఉద్యోగం ఉండదు. దీన్నే కెరీర్ ట్రాన్సిషన్ అంటారు.

కోటుతోపాటు ఒక డైలాగు కూడా ఇచ్చారు. గుండె మీద చెయ్యి పెట్టుకుని "పూచీ నాది" అనాలి. అంతే.

ఇక చూడండి! జనం కుర్చీ తెచ్చి వేశారు, మంచినీళ్లిచ్చారు, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకున్నారు, సంతకాలు పెట్టారు. వీధి మలుపులో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరమ్మ కూడా పెట్టింది. అంతకుముందు వచ్చిన సేల్స్‌వాళ్లందరినీ గేటు దగ్గర్నుంచే పంపేసిన మనిషి ఆవిడ.

"నువ్వు చెబుతున్నావని పెట్టించుకుంటున్నాను బాబూ. ఏదైనా అయితే నిన్నే అడుగుతాను."

"అడగండమ్మా. పూచీ నాది."

మా బావ అసలు తప్పు ఇక్కడ చేశాడు. కంపెనీ ఆయన్ని మాట ఇవ్వమంది, ఇచ్చాడు. అక్కడితో వదిలేయాలా వద్దా? ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలనుకున్నాడు. అలా చేయమని ఆయనకి ఎవరు చెప్పారండీ?

ప్యానెళ్లు బిగించింది కాంట్రాక్టు మనుషులు. సాయంత్రంలోగా ఇంకెన్నో డాబాలు ఎక్కాలి వాళ్లు. రంధ్రాలు వేశారు, బోల్టులు తిప్పారు, వెళ్లిపోయారు. మొదటి వానకే టీచరమ్మ మంచం మీద ధార కట్టింది. కంపెనీకి ఫోన్ చేస్తే చక్కని సంగీతం వినిపించారు. ఆవిడ బావకి చేసింది.

బావ మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. "నేనెక్కి సరిచేస్తాను సార్."

"మీరు ఎక్కితే కోటు పాడైపోదూ?"

"విప్పేసి ఎక్కుతాను."

"కోటు విప్పేస్తే మీరెవరండీ?"

ఎంత లోతైన ప్రశ్న! బావ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, దాన్ని పక్కకి జరిపేశాడు. అక్క పక్కన కూర్చుంది.

"ఆవిడ కంపెనీ ముఖం చూసి సంతకం పెట్టలేదు, నా ముఖం చూసి పెట్టింది. రేపటినుంచి ఆ వీధిలో ఎలా నడవను?" అన్నాడు. ఆ ముఖం చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"ఆ ఉద్యోగం పోతే పోనీండి" అంది అక్క. "కావాలంటే ఫ్రిజ్ విప్పుకోండి."

తెల్లారి బావ కోటుని ఇస్త్రీ చేసి, మడత నలగకుండా తీసుకెళ్లి అప్పగించాడు. అటునుంచి అటే టీచరమ్మ డాబా ఎక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. పత్రికలో కాలమ్ రాసుకునే నాలాంటివాళ్లకి అంతకంటే ఏం చేతనవుతుంది? బావ ఒక్కొక్క బోల్టూ విప్పి, రంధ్రం మూసి, మళ్లీ బిగించాడు. వాన మళ్లీ వచ్చింది గానీ, మంచం తడవలేదు.

సంగతి తెలిసి కంపెనీకి ఎక్కడలేని చురుకు వచ్చింది. మనిషిని పంపి, బయటివాళ్లు చెయ్యి పెట్టారు కాబట్టి గ్యారంటీ రద్దని టీచరమ్మకి చెప్పించింది.

"రద్దు చేసుకోండి" అంది ఆవిడ. "నాకు పూచీ ఇచ్చింది మీరు కాదుగా."

ఇంత జరిగాక కంపెనీ దివాలా తీసి ఉంటుందని సంబరపడుతున్నారా? అంత తొందరెందుకు? మొన్న అలాగే కారుతున్న మరో డాబా బాగుచేయడానికి పోతూ, నిచ్చెనకి ఒక చివర బావ, రెండో చివర నేను పట్టుకుని ఆ కంపెనీ షోరూమ్ ముందు నుంచే నడుస్తున్నాం. గుమ్మంలో బట్టల కొట్లో పెట్టే బొమ్మ ఒకటి నిలబడి ఉంది. దాని ఒంటి మీద అదే కోటు. గుండె మీద చెయ్యి పెట్టుకునే ఉంది. జీతం అక్కర్లేదు, డాబా ఎక్కుతానని పేచీ పెట్టదు. అమ్మకాలు ఇసుమంతైనా తగ్గలేదట.

ఒక పెద్దమనిషి పిల్లల్ని ఆ బొమ్మ పక్కన నిలబెట్టి, "సెల్యూట్ చేయండి, మనకోసం ప్రాణాలకు తెగించినవాళ్లు" అంటూ ఫోటో తీస్తున్నాడు. మా నిచ్చెన అడ్డొచ్చింది.

"కాస్త పక్కకి జరగవయ్యా, సైనికుడు కనపడటం లేదు" అని బావని కసిరాడు.

బావ జరిగాడు. ఆర్డరంటే ఆర్డరే కదా!