మోత లేని రైలు

మద్రాసులో కూవం నది పొంగిన పెద్ద వెల్లువ తర్వాత పన్నెండో ఏడు అది. పెరంబూరులో వాసవాంబ గారి ఇంట్లో సగం వాటా మాది. మిగతా సగంలో ఆమె, పక్షవాతంతో మంచం పట్టిన ఆమె మొగుడు పరంధామయ్య. మధ్యన ఒక్క గోడ.

నేను రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లకు రివెట్లు కొట్టేవాణ్ణి. నాకు మాటలు తక్కువ. ఆ సుత్తుల మోతలో అందరికీ తక్కువే. పెదాలు చూసి, చేతులు చూసి తెలుసుకుంటాం. మాలో ధర్మలింగం ఒక్కడు చెవుల్లో దూది పెట్టుకునేవాడు. వాణ్ణి కొత్త పెళ్లికూతురని ఏడిపించేవాళ్లం.

నాలుగేళ్లు కూర్చుని ఇంట్లో ఒక రైలు చేశాను. బిస్కెట్ డబ్బాల రేకుతో పెట్టెలు, పాత గ్రామఫోను స్ప్రింగుతో ఇంజను, బల్లల మీద పట్టాలు. ఆదివారం కీ ఇస్తే గుండ్రంగా తిరిగేది. పిల్లలు లేని ఇంట్లో తిరిగేది అదొక్కటే.

ఒకనాడు వాసవాంబ వచ్చింది.

"ఏమప్పా మునిరత్నం, ఈడ నీ రైలు తిరిగితే ఆడ మా ఆయన గుండె అదురుతా ఉండాది. వచ్చే ఆదివారానికి మోత నిలవకుంటే ఇల్లు ఖాళీ చేసెయ్యి."

ఆ రోజుల్లో పెరంబూరులో ఇంకో ఇల్లు దొరికే పని కాదు. "ఆ రైలును పారెయ్యి," అంది నా భార్య అలమేలు. పారెయ్యను, మోతే తీసేస్తానన్నాను.

సోమవారం పట్టాల కింద మందపు ఉన్నిగుడ్డ పరిచాను. బుధవారం సైకిల్ ట్యూబు కోసి వేశాను. శుక్రవారం అలమేలు దిండు కోసి బూరుగు దూది కూరాను.

"నా దిండేదయ్యా?"

"రైలు కింద."

"నేనూ ఆడనే పడుకుంటా. ఒకేసారిగా పీడ పోతాది."

శనివారం కీ ఇచ్చి చూశాను. పిల్లి నడిచినట్టు పోయింది.

ఆదివారం వాసవాంబను పిలిచి, ఎదురుగా కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, కీ తిప్పాను. రైలు కదిలింది. చప్పుడే లేదు. చేతులు కట్టుకుని నవ్వాను.

ఆమె కాఫీ ఒలకబోసుకుని రెండు చెవులూ మూసుకుంది. పెదాలు చూశాను.

"ముందు డబ్బా మోతగా ఉండె. ఇప్పుడు సావు మేళంగా ఉండాది గదప్పా!"

బల్ల మీద చెయ్యి పెట్టాను. అరచెయ్యి అదిరింది. మెత్తటి దూదిలో పట్టాలు కుంగి, ప్రతి అతుకు దగ్గరా చక్రాలు ఎగిరెగిరి బల్లను బాదుతున్నాయి.

వాసవాంబ నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. ఆమె ముఖంలో కోపం పోయింది. తిరిగి చూస్తే వెనకాల అలమేలు.

"వెనక నుంచి మూడుసార్లు పిలిచినా నిన్ను," అంది. "నీకోసం కాదులే. ఆమెకు చూపించేదానికి."

వాసవాంబ లేచింది. "మా ఇంట్లో కాళ్లు పోయినాయి. మీ ఇంట్లో చెవులు. ఉండండమ్మా, ఖాళీ చెయ్యొద్దు. ఆ కీ మాత్రం నా చేతికియ్యి."

కీ ఇచ్చాను. ఆమె వెళ్లాక అలమేలును అడిగాను.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మూడేళ్లుగా వెనక నిలబడి తిడతా ఉండా. ఒక్కనాడన్నా నువ్వు ఎదురు చెప్పలే. మొదట్లో మంచి మొగుడని మురిసిపోయినా. పోను పోను తెలిసింది."

"నాతో చెప్పలేదే?"

"చెప్తే మాత్రం వినబడతాదా?"

మర్నాడు పొద్దున పట్టాల కింది ఉన్నిగుడ్డ పీకి, రెండు ముక్కలు కోసి ధర్మలింగంలా చెవుల్లో దూర్చుకుని పనికి బయల్దేరాను. అలమేలు గుమ్మంలో నిలబడి ఏమన్నా అంటోందేమోనని, వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయాను.