అల్లుడు మింగిన మర్యాద

ఈ కథలో ఒక్క అక్షరం అబద్ధమున్నా నా మీసం గొరిగించుకుంటానని ముందే చెబుతున్నాను.

గడియారాలు బాగుచేసే పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న ఒక పెద్దాయన, వారానికోసారి ముక్కుకు తువ్వాలు బిగించి వంటింటి మూలల్లో బొద్దింకల మందు కొట్టేవాడు. కొన్ని నెలలుగా ఆ ఇంట్లో ఒక్క బొద్దింక మీసం కూడా కదల్లేదు. "నా పేరు చెప్పి పక్కవీధి బొద్దింకలు పిల్లల్ని నిద్రపుచ్చుతున్నాయి" అని ఆయన ధీమా.

ఆ ఉదయం కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, ఇవాళ వస్తున్నాం, వారం ఉంటాం. చంటిది ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది. ఇంట్లో విషం డబ్బా కనబడిందా, వచ్చిన బండిలోనే వెనక్కి!"

పుట్టాక ఒక్కసారే ఎత్తుకున్న మనవరాలు! అలాగని మందు పారేయడానికీ చేతులు రాలేదు. ఖాళీ పళ్ళరసం సీసాలోకి దాన్ని వంపి, డబ్బాను చెత్తబండిలో వేసి, సీసాను అటకెక్కించడానికి నిచ్చెన కోసం వెళ్ళాడు. అంతలో గుమ్మంలో బండి ఆగింది. పాపను చూడగానే నిచ్చెనా సీసా రెండూ మరిచాడు. వంటింటి గట్టుమీది సీసాను చూసిన కూతురు, తమకోసమే తెప్పించాడని మురిసిపోయి ఫ్రిజ్‌లో పెట్టింది.

మధ్యాహ్నం అల్లుడు గ్లాసెత్తి ఒక గుక్క తాగడం, మామగారి కళ్ళు సీసామీద పడటం ఒకేసారి జరిగాయి.

"ఉమ్మెయ్ నాయనా, ఉమ్మెయ్!"

"మింగేశాను మామయ్యగారూ. రుచి అదోలా ఉంది గానీ, మీరు తెప్పించింది ఉమ్మితే బాగుండదని..."

"నీ మర్యాద మండా! అది బొద్దింకల మందయ్యా!"

కూతురు కేకకు పక్కింట్లో ఉండే ఆసుపత్రి నర్సు పరుగెత్తుకొచ్చింది. ఉప్పునీళ్ళు తాగించబోతున్న పెద్దాయన చెయ్యి పట్టుకుంది. "వాంతి చేయించకండి! డబ్బా ఏది? ఏం తాగాడో తెలియకుండా ఆసుపత్రిలో ఏం చెప్పను?" డబ్బా ఎప్పుడో చెత్తబండెక్కి ఊరు దాటింది. అల్లుడు తేన్చాడు. ముక్కులోంచి రంగురంగుల బుడగలు తేలాయి.

డాబామీద బట్టలు తీస్తున్న పెద్దాయన భార్య దిగివచ్చి సీసా వాసన చూసింది. "ఇది సబ్బునీళ్ళు కదే! పాప పాకుతోందని నువ్వు చెప్పిన రోజే ఆ మందు పారబోయకుండా, ప్రమాదకరమైన చెత్త తీసుకెళ్ళే వాళ్ళకు అప్పగించేశాను. మీ నాన్నకు చెబితే ఇంకోటి కొంటారని డబ్బాలో ఇది పోశా."

"మరి బొద్దింకలెలా పోయాయే?" అన్నాడాయన నీరసంగా.

"సింకు కింద కారే పైపు బాగుచేయించాను. గోడ కన్నాలు మూయించాను. ఎంగిలి గిన్నెలు పొద్దుటిదాకా ఉంచట్లేదు. మీరు కొట్టిన దానికి గచ్చు మాత్రం తళతళలాడింది."

ఆయన వంటింటి మూలకేసి చూశాడు. తాను మందు కొట్టే మూలలోనే పాప చతికిలబడి, నేలకు రాసిన వేళ్ళను హాయిగా చీకుతోంది. అది నిజంగా మందే అయితే? వెళ్ళి ఎత్తుకుని, ఆ వేళ్ళను తన చొక్కాకు తుడిచాడు.

సంచీ సర్దబోయిన కూతురు దాన్ని పక్కన పెట్టి, "అమ్మ ఉంది కాబట్టి ఉంటున్నాం" అంది.

అల్లుడి ముక్కులోంచి బుడగలు రావడం మాత్రం నేను కల్పించిందే. మీసమంటారా, అది నాకెప్పుడూ లేదు.