తల్లి ఎలుగు ముఖం

ఆ ఉదయం బొమ్మలాయన పెట్టుకున్న పని ఒక్కటే. భార్య ముఖంలో ప్రేమను కళ్లారా చూసి, చూసింది చూసినట్టు కాగితం మీదికి దించుకోవాలి. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయనకు ఆ అవసరం పడిందంటే, అందుకు కారణం ఒక ఎలుగుబంటి.

పిల్ల ఎలుగు ఎంత అల్లరి చేసినా తల్లి ఎలుగుకు ప్రేమ తరగదు. ఆయన బొమ్మలు వేస్తున్న పిల్లల పుస్తకంలో కథంతా అదే. ఇల్లు పీకి పందిరేసిన పిల్లను తల్లి చూస్తూ ఉండే చివరి బొమ్మ దగ్గర మాత్రం బండి కదలడం లేదు. "మీ ఎలుగు టూత్‌పేస్టు ప్రకటనలో నవ్వినట్టు నవ్వుతోందండీ. సాయంత్రంలోగా సరైన ముఖం రాకపోతే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తాం," అని ఎడిటరమ్మ ఫోన్లో తేల్చి చెప్పింది. ఆయన చేతిలో ఉన్న పుస్తకం అదొక్కటే.

భార్య నర్సు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే వేళయింది. ఆయన ఐదేళ్ల కూతురు పిడుగును పక్కకు పిలిచాడు.

"అమ్మ రాగానే గ్లాసు పాలు ఒలకబొయ్యి. సరేనా?"

"తిడుతుందేమో?"

"తిట్టదు. ప్రేమగా చూస్తుంది. నేను బొమ్మ వేసుకుంటా."

కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. అమ్మ వచ్చింది, పాలు ఒలికాయి. ఆమె తల వంచి గుడ్డతో తుడిచి, వంచిన తల ఎత్తకుండానే లోపలికి వెళ్లిపోయింది. బొమ్మలాయనకు పాపిడి తప్ప ఏమీ కనపడలేదు.

"ఇంకొంచెం పెద్దది చెయ్యాలమ్మా," అన్నాడు కూతురితో, జుట్టు పలచబడ్డ నడినెత్తి నీరసంగా గోక్కుంటూ.

పిడుగు నీలం రంగు సీసా తెచ్చి, ఉతికి ఆరేసిన అమ్మ యూనిఫాం మీద కుమ్మరించింది. ఆమె రంగును చూసి నేరుగా మొగుడి దగ్గరికి వచ్చింది.

"సీసాకి మూత పెట్టలేదా మీరు?"

నిజం చెబితే పథకం పాడవుతుంది. "మర్చిపోయా," అన్నాడు. ఆమె ఆయన వంక చూసిన చూపు ఏ పిల్లల పుస్తకంలోనూ వేయదగ్గది కాదు. యూనిఫాం బకెట్లో నానేసి వెళ్లి పడుకుంది.

నాన్న పెన్సిల్ ఇంకా కదలలేదని పిడుగు గమనించింది. స్నానాల గది తూముకు తువ్వాలు కుక్కి, కొళాయి పూర్తిగా తిప్పింది. నీళ్లు గడప దాటి బొమ్మలాయన నేల మీద పరచుకున్న కాగితాలన్నిటినీ తడిపి, కింది వాటాలో ఉండే పొరుగాయన మంచం మీద కూడా కారాయి. ఆ పొరుగాయన పైకొచ్చి తలుపు బాదాడు. నర్సమ్మ నిద్ర లేచి, ఆయనకు క్షమాపణ చెప్పి పంపించి, కొళాయి కట్టేసి, కూతురి ముందు కూర్చుంది.

"ఎందుకు చేశావు తల్లీ?"

"నాన్నే చెయ్యమన్నాడు. నువ్వు ప్రేమగా చూస్తావంట."

బొమ్మలాయన తడి నేల మీద చతికిలబడి, ఎడిటరమ్మ మాట దగ్గర్నుంచి పాల గ్లాసు దాకా అంతా చెప్పేశాడు. పుస్తకం పోయిందనుకుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

"నా ముఖంలో ప్రేమ కావాలంటే నన్ను కాసేపు పడుకోనివ్వాల్సింది," అంది ఆమె. కళ్ల కింద నల్లటి చారలు, రేగిన జుట్టు. కోప్పడడానికి కూడా ఓపిక లేదు. ఆయన చేతిలో నీళ్లు కారుతున్న కాగితాలు తీసి ఒక్కొక్కటే దండెం మీద వేసింది. తిరిగి వచ్చి ఆయన్ను చూస్తూ నిలబడింది. "లేవండి. తడిలో కూర్చుంటే జ్వరమొస్తుంది. అదీ నేనే చూడాలి."

బొమ్మలాయన లేవలేదు. పొడిగా మిగిలిన అట్టముక్క ఒకటి లాక్కుని పెన్సిల్ అందుకున్నాడు.

సాయంత్రం ఎడిటరమ్మ ఫోన్ చేసింది. "ఈ తల్లి నవ్వడం లేదు. కానీ వదిలేసి వెళ్లదని తెలుస్తోందండీ. ఇదే అచ్చేస్తున్నాం."

ఆ పుస్తకం చివరి బొమ్మలో పిల్ల ఎలుగుకు నడినెత్తిన జుట్టు కాస్త పలచగా ఉంటుంది.