ఫిర్యాదులకు: శ్రీమతి పద్మావతి

ఆ మంగళవారం పొద్దున భీమేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే, దుకాణం ముందు బోర్డు తగిలించడం. రాయదుర్గం మెట్రో మెట్లు దిగగానే కుడిచేతి వైపున్న గదిలో డాలర్లు, దిర్హాములు మార్చే వ్యాపారం ఆయనది. ఈ వారంలో తనిఖీకి అధికారి రావచ్చనీ, రేటెంతో, చార్జీలెంతో, ఫిర్యాదుంటే ఎవరికి చెప్పుకోవాలో అందరికీ కనిపించేలా రాసిపెట్టకపోతే లైసెన్సుకే ఎసరొస్తుందనీ ఆడిటరు ముందురోజే బెదిరించి వెళ్లాడు.

రేట్లు పెద్ద అక్షరాలతో రాశాడు. చార్జీలు చిన్న అక్షరాలతో రాసి, వాటి ముందుకు పూలకుండీ జరిపాడు. ఫిర్యాదుల అధికారి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. తన నంబరు రాస్తే ఫోన్లు తనే ఎత్తాలి. కౌంటర్లో కూర్చున్న నవనీత వైపు ఆశగా చూశాడు.

"నా పేరు రాసిన్రనుకో, రేపటి సంది నౌకరికి రాను సార్," అంది నవనీత తలెత్తకుండానే.

పేరుకి ఎవరో ఒకరుండాలి గానీ నిజంగా ఫోన్లు ఎవరు చేస్తారులే అనుకుని, 'ఫిర్యాదులకు: శ్రీమతి పద్మావతి' అని రాసి, కింద భార్య నంబరు వేశాడు. ఆవిడకి మాత్రం చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది.

ఆ తొందరలో ఆయన తాను ఎవరిని పెళ్లి చేసుకున్నాడో మరిచిపోయాడు. పద్మావతి పుట్టుకతోనే వినియోగదారురాలు. ఆవిడ సంచీ పట్టుకుని లింగంపల్లి మార్కెట్లో అడుగుపెడితే తక్కెళ్లు వాటంతటవే సరిగ్గా తూగేవి. జాకెట్టు గుడ్డ రంగు వెలిసిందని జోరువానలో కోఠీ దాకా వెళ్లి, కొత్త గుడ్డతోపాటు ఆటో కిరాయి కూడా రాబట్టుకొచ్చిన మనిషి.

ఆ మధ్యాహ్నమే ఆవిడకి మొదటి ఫోన్ వచ్చింది. దాని వైనమంతా భీమేశ్వరరావుకి తరవాత అభినయంతో సహా వినే యోగం పట్టింది.

"మేడమ్, నా పేరు ప్రియాంక. భీమేశ్వరరావు గారి మీద కంప్లయింట్ చెప్పాల."

పద్మావతి పొయ్యి ఆపేసింది. "చెప్పు తల్లీ! ఇన్నేళ్లకి నాకో తోడు దొరికావు. ఏం చేశారు? తడి తువ్వాలు మంచం మీద పడేశారా?"

"అది కాదు మేడమ్. బోర్డు మీద ఒక రేటు పెట్టి, చేతికి ఇంకో రేటు ఇచ్చినారు. అడిగితే చార్జీలన్నారు. రసీదు గూడా ఇయ్యలేదు."

"పెళ్లిచూపుల్లోనూ అంతేనమ్మా, చూపించింది ఒకటి, తేలింది ఒకటి. ఇంతకీ నా నంబరు నీకెవరిచ్చారు?"

"బోర్డు మీదే ఉంది కదా. మీరు ఫిర్యాదుల అధికారి అని!"

మరుక్షణం దుకాణంలో భీమేశ్వరరావు ఫోన్ మోగింది.

"ఏమండీ, నేనిప్పుడు మీ భార్యగా మాట్లాడటం లేదు. అధికారిగా మాట్లాడుతున్నాను. ఆ పిల్లకి రావలసింది ఇచ్చేసి రసీదు రాయండి."

"పద్మా, అదేదో పేరుకి రాశానే..."

"పేరుకే కదా! ఆ పేరు నాదండీ!"

ఇచ్చేశాడు. ఇవ్వకుండా ఉంటే గొడవ అక్కడితో పోయేది. ప్రియాంక సంబరపడిపోయి, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క రాసింది. రాయదుర్గంలో కరెన్సీ మార్చే దుకాణం తాలూకు ఫిర్యాదులకి పద్మావతి ఆంటీ ఉన్నారు, ఫోన్ ఎత్తుతారు, పని జరుగుతుంది అని. ఫోన్ ఎత్తే ఫిర్యాదుల అధికారిని సైబరాబాద్ అంతవరకూ చూసి ఎరగదు. ఆ కబురు ఒక టవర్ దాటేసరికి అందులోంచి కరెన్సీ జారిపోయింది, ఇంకో టవర్ దాటేసరికి దుకాణం జారిపోయింది. గచ్చిబౌలి చేరేసరికి పద్మావతి ఆంటీ, ఫిర్యాదులు మాత్రమే మిగిలాయి.

మర్నాడు భీమేశ్వరరావు వచ్చేసరికి దుకాణం ముందు బారుగా జనం. పొద్దున్నే ఇంత బేరమా అని ఆయన గుండె పొంగింది.

"ఖుష్ గాకు సార్," అంది నవనీత. "ఒక్కరు గూడ పైసలు మార్చనీకి రాలే. గీ హేమంత్‌కు హాస్టల్ ఓనర్ డిపాజిట్ వాపస్ ఇస్తలేడంట. గామెకు క్యాబ్ డ్రైవర్ తోని లొల్లి. మేడమే ఈడికి రమ్మన్నదంట."

అంతలో ఆటో ఆగింది. క్యారియర్ చేతబట్టుకుని పద్మావతి దిగింది. వస్తూనే పూలకుండీని పక్కకి లాగి, చార్జీలన్నీ పెద్ద అక్షరాలతో మళ్లీ రాయించింది. రసీదు లేనిదే రూపాయి కదలకూడదని నవనీతకి ఆజ్ఞాపించింది. ఆ పైన భర్త కుర్చీలో కూర్చుని హాస్టల్ ఓనరుకి ఫోన్ కలిపింది. "నేను ఫిర్యాదుల అధికారిని," అంటే చాలు, ఏ శాఖ అని అడిగే ధైర్యం అవతలి వాళ్లకి లేకపోయింది. హేమంత్ డిపాజిట్ అక్కడికక్కడే వచ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి భీమేశ్వరరావు తన దుకాణంలోకి తానే వెళ్లలేని స్థితికి వచ్చాడు. ఇక ఆగలేక, ఒక తెల్లకాగితం తెచ్చి బోర్డు మీద భార్య పేరూ నంబరూ కనపడకుండా అంటించేశాడు.

"ఆ కాగితం కింద ఏముంది?" వెనకనుంచి ఎవరో అడిగారు. భుజాన సంచీ, నలిగిన చొక్కా, నీరసం మొహం. హాస్టల్ బాపతే అనుకున్నాడు భీమేశ్వరరావు.

"మీ డిపాజిట్‌కీ మాకూ సంబంధం లేదు బాబూ! ఫిర్యాదుల్లేవు, గిర్యాదుల్లేవు. దయచేయండి!"

ఆ మనిషి నెమ్మదిగా కాగితం ఊడదీసి, నంబరు చూసి ఫోన్ చేశాడు. లోపల పద్మావతి ఫోన్ మోగింది.

"నమస్కారమమ్మా, నా పేరు సీతారామాంజనేయులు. తనిఖీకి వచ్చాను. మీ దుకాణం వాకిట్లోనే ఉన్నాను."

భీమేశ్వరరావుకి కాళ్లకింద మెట్రో వెళ్లినట్టయింది. ఇన్నేళ్ల వ్యాపారం, ఒక్క కాగితం ముక్కతో పోయింది. అందులోనూ సాక్షి పద్మావతి! ఆవిడ అబద్ధమాడదు.

ఆడలేదు కూడా. అధికారిని కూర్చోబెట్టి, నిన్న ప్రియాంకకి జరిగిందీ, దిద్దినదీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆఖరికి పూలకుండీ సంగతి కూడా దాచలేదు.

"ఆయన మీ భర్త కదమ్మా. వెనకేసుకురావడం లేదా?"

"వెనకేసుకురావాలంటే పెళ్లాన్నైతే చాలండీ, అధికారిని అవక్కర్లేదు. ఉన్నమాట చెబుతున్నాను. మనిషి దొంగ కాదు, బద్ధకస్తుడు. మోసం చెయ్యడానికి కూడా ఓపిక ఉండాలి. ఆయనకంత లేదు."

భీమేశ్వరరావు కళ్లు చెమర్చాయి. ఇంత మంచిమాట ఆవిడ నోట ఆయన ఎప్పుడూ వినలేదు.

సీతారామాంజనేయులు రసీదులు చూశాడు, బోర్డు చూశాడు, తల పంకించాడు. "ఈ రోడ్డు మీద అన్ని దుకాణాలకీ ఫోన్ చేశానమ్మా. ఎత్తింది మీరొక్కరే," అని కాగితం మీద సంతకం పెట్టేశాడు. లేచినవాడు గుమ్మం దాకా వెళ్లి, అటూ ఇటూ చూసి వెనక్కి వచ్చాడు.

"అమ్మా... మా అపార్ట్‌మెంట్లో లిఫ్టు చెడిపోయి ఆర్నెల్లయింది. సెక్రటరీ ఫోన్ ఎత్తడు. నాది అయిదో అంతస్తు."

"అయ్యో, చెప్పరేం! వాళ్లందరి వెనకా నుంచోండి," అంది పద్మావతి.

వరస మెట్రో మెట్ల పైదాకా ఉండటంతో, భీమేశ్వరరావు ఆయనకి ఒక స్టూలు వేయించాడు.