చెత్తగది చిరునామా

ఆ పొద్దున దయాకర్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. మనోరమ రాకముందే కరీంనగర్‌లోని తన ప్రెస్సు తెరవాలి, కంప్యూటరుకు ఊదుబత్తి వెలిగించాలి, దాంట్లో ఉన్న ఒక అపశకునాన్ని సరిచేయాలి. గ్రానైటు వ్యాపారి జగన్మోహన్‌రావు వచ్చి, రాబోయే తొంభై అయిదో సంవత్సరపు కాలెండరును తెర మీద చూసుకుంటాడు. ఆయన సరేనంటే కంప్యూటరు ఉంటుంది. కాదంటే దాన్ని అమ్మేస్తారు, మనోరమ మళ్లీ వెనక గదిలో సీసపు అక్షరాలు ఏరుకోవాలి. ఆ పని చేసీ చేసీ విసిగిపోయి, హైదరాబాదు వెళ్లి కంప్యూటరు నేర్చుకొచ్చిన పిల్ల ఆమె. ఇక ఆ గది గడప తొక్కనని పంతం పట్టింది.

అపశకునం సంగతి ఇది. కంప్యూటరు మేలుకోగానే చేయాల్సిన పనులను మనోరమ ఒక చిన్న ఫైలులో వరుసగా రాసిపెట్టింది. పనికిరాని ఫైళ్లు పడేసే చెత్తగది ఎక్కడుందో మొదటి వాక్యం చెబుతుంది. చెప్పిన ఆ చోటును అడక్కుండా ఊడ్చేయమని రెండో వాక్యం. రోజూ ఆ వరుస చూసి దయాకర్‌రావుకు ఒళ్లు మండేది.

"పొద్దుగాల లేవంగనే చెత్తకుప్ప మొగం చూపెడ్తదా గీ డబ్బ? గందుకే గిరాకి వస్తలేదు!"

"జాగ ఏదో చెప్పినంకనే ఊడ్వమనాలె సార్. గా వరుస ముట్టకుండ్రి," అనేది మనోరమ.

ఆయన ముట్టాడు. చెత్తగది వాక్యాన్ని అట్టడుగుకు తోసి, పైన ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని కొట్టాడు. యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాడు. శ్రీ అంటే ఏం చేయాలో తెలియదని కంప్యూటరు తెర మీద గొణిగింది. "భక్తి లేని డబ్బ," అనుకున్నాడు. తర్వాత ఊడ్చే వంతు వచ్చింది. చెత్తగది ఎక్కడో ఎవరూ ఇంకా చెప్పలేదు కనుక చీపురు కంప్యూటరు నడిమింట్లోనే, అసలు ఫైళ్లుండే చోటే, పని మొదలుపెట్టింది. కాలెండరు పేజీలన్నీ అక్కడే ఉన్నాయి. "కండ్ల ముంగటుండాలె" అని పట్టుబట్టి పెట్టించింది దయాకర్‌రావే. పేజీలు పోయాయి. మనం కొట్టిన మాట విని యంత్రంతో పనిచేయించే ఫైలూ పోయింది. చివరికి పనుల ఫైలు తనను తానే ఊడ్చుకుంది. ఎన్నిసార్లు ఆపి వేసినా యంత్రం లేవలేదు.

తాను ముట్టానని ఒప్పుకోవడం దయాకర్‌రావు వంశంలో లేదు. నెపం కరెంటు మీదికి తోసి, ఎలక్ట్రీషియన్ హనుమండ్లును పిలిపించాడు. "జర మెయిన్ చూస్త సారూ," అంటూ హనుమండ్లు ఫ్యూజు పీకాడు. అది పక్కనున్న పిండిగిర్నిది కూడా. గిర్ని ఆగింది. జొన్నలు పట్టించుకుంటున్న పోశవ్వ గిన్నె చంకన పెట్టుకుని, ఆమె వెనక మిగతా ఆడవాళ్లు, ప్రెస్సులోకి దూరారు. సరిగ్గా అప్పుడే జగన్మోహన్‌రావు వచ్చాడు.

"గింత గిరాకి ఉన్నదా నీకు?"

"అవ్ సాబ్, అందరు కాలెండర్ల కోసమే వచ్చిండ్రు!" అన్నాడు దయాకర్‌రావు.

పోశవ్వ గిన్నెను బల్ల మీద దబ్బున పెట్టింది. "కాలెండర్‌తోని రొట్టె చేస్తనా? ఎవడు పీకిండు కరెంటు?"

మనోరమ అడుగుపెట్టేసరికి ఇదీ పరిస్థితి. ముందు ఫ్యూజు పెట్టించి, పోశవ్వ గుంపును గిర్నికి సాగనంపింది. తర్వాత కంప్యూటరు వేసి చూస్తే లోపల మాట వినే నాథుడు లేడు.

"చూసిండ్రా సాబ్? నిన్న గీ పిల్లనే ఏదో చేసింది. డబ్బ రేపే అమ్ముత," అన్నాడు దయాకర్‌రావు.

మనోరమకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. రెంటినీ మింగేసింది. "నేను సక్కగనే పెట్టి పోయిన. జర కూసోండ్రి సాబ్, కాలెండర్ చూపెట్టినంకనే మిమ్ముల పంపుత."

బీరువాలోని ఫ్లాపీతో యంత్రాన్ని లేపింది. ఊడ్చిన ఫైళ్లు వెంటనే మాయం కావు, పేర్లలో మొదటి అక్షరం మాత్రం చెరుగుతుంది. వాటి మీద కొత్తది పడకముందే ఆ అక్షరం చెప్పగలిగితే తిరిగొస్తాయి. మనోరమ పళ్లు బిగబట్టి జనవరితో మొదలుపెట్టి ఒక్కో నెలనూ లాక్కొచ్చింది. డిసెంబరు పైకి తేలేదాకా జగన్మోహన్‌రావు ముందు పెట్టిన చాయ్ ముట్టలేదు.

ఆఖరున పనుల ఫైలు తెర మీదికొచ్చింది. చెత్తగది వాక్యం అడుగున కనబడింది. మనోరమకు అంతా అర్థమైంది. దాన్ని చీపురు కంటే ముందుకు తెచ్చింది. చెత్తగది చిరునామా లేకుంటే చీపురే పట్టొద్దని ఇంకో వాక్యం కలిపింది. పైనున్న శ్రీని చెరపబోతుండగా జగన్మోహన్‌రావు ఆపాడు.

"దేవుని పేరు రాసిందెవరు? గసుంటోల్లకే నేను పని ఇస్త."

దయాకర్‌రావు ఛాతీ పొంగింది. "నేనే సాబ్! ఇయ్యాల పొద్దుగాల, గీ పిల్ల రాకముందే రాసిన. చెత్త ముచ్చట కిందికి జరిపింది గుడ నేనే!"

"అయితే కరెంటుది తప్పు లేదు కద సారూ," అన్నాడు హనుమండ్లు.

జగన్మోహన్‌రావు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "కాలెండర్ నీకే ఇస్తున్న దయాకర్‌రావూ. గని ఒక్క షరతు. పని అయ్యేదాంక డబ్బను గీ బిడ్డ తప్ప ఎవరు ముట్టొద్దు."

కాలెండరు అచ్చయింది, గోడలకెక్కింది, ఆ ఏడాదీ గడిచిపోయింది. షరతు ఎత్తేసే సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు.