నడిసముద్రంలో భార్య ఫోన్

పదింటికి మేనేజరు వీడియో కాల్‌లోకి వస్తాడు. ఈలోగా యాప్‌లో మిగిలిన ఒక్క లోపాన్నీ సరిచేసి, కాఫీ తాగి, గడ్డం గీసుకోవాలని ఇంజనీరు పథకం. యాప్ పేరు ‘ఆప్తుడు’. ఫోన్ పట్టుకున్న మనిషి ప్రమాదకరమైన చోట చిక్కుకుంటే, అది ఆప్తులకు అలర్ట్ పంపాలి. పంపానంటుంది, ఇంజనీరు ఫోన్‌కి మాత్రం రాదు. ఇవాళ కూడా రాకపోతే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు తేల్చి చెప్పాడు. ఆప్తుడే ఆపద తెచ్చిపెట్టేలా ఉన్నాడు.

ఇన్నాళ్ళూ తన ఫోన్ నుంచి తనకే పంపుకుని చూశాడు. ఇవాళ పరీక్షకు రెండో ఫోన్ కావాలి. భార్యను అడిగాడు.

“రాత్రే కదండీ యాప్ ఎక్కించుకున్నాను! మళ్ళీ ఏం చేస్తారు దాన్ని?”

“ఏం లేదు, కాసేపు సముద్రంలో పడేస్తాను.”

“తడవకుండా తెండి,” అని ఆమె బట్టల బుట్టతో మేడెక్కింది.

అన్నంత పనీ చేశాడు. బల్ల మీదున్న ఫోన్‌ని నడిసముద్రంలో ఉన్నానని నమ్మించే సాధనం డీబగ్గింగ్‌లో, అంటే కోడ్‌లో తప్పులు వెతికే పనిలో, ఒకటుంది. దాన్ని ఆన్ చేసి, కోడ్‌ని మధ్యలో ఆపి, ఒక్కో లైనూ చెయ్యి పట్టుకుని నడిపించాడు. ‘అలర్ట్ వెళ్ళింది’ అంది కోడ్. అతని ఫోన్ కిమ్మనలేదు. సముద్రం అచ్చిరాలేదని భార్య ఫోన్‌ని అడవికి మార్చాడు. వెళ్ళింది, రాలేదు. ఎడారికి మార్చాడు. అదే తంతు.

ఇంతలో భార్య ఫోన్ మోగింది. ‘అమ్మ’. మధ్యలో కాల్ ఎత్తితే పరీక్ష చెడుతుందని కట్ చేశాడు. తన ఫోన్ మోగింది. ‘అత్తగారు’. అలర్ట్ వచ్చే దారికి ఈవిడొకరు అడ్డమా అని అదీ కట్ చేశాడు. అతను కట్ చేసిన కొద్దీ అవతల కంగారు కట్టలు తెంచుకుంది.

పదయింది. తెర మీద మేనేజరు ప్రత్యక్షమయ్యాడు.

“ఏమయ్యా, వచ్చిందా?”

“వచ్చేస్తోంది సార్...”

తలుపు దభాలున తెరుచుకుంది. రెండు వీధుల అవతలి నుంచి పరుగున అత్తగారు వచ్చేశారు. వెనకాల బావమరిది: నడుముకి ఈత ట్యూబు, చేతిలో దుడ్డుకర్ర, చంకలో మంచినీళ్ళ క్యాను.

“మా అమ్మాయేది అల్లుడుగారూ? ముందు సముద్రమంది, తరవాత అడవంది, ఇప్పుడు ఎడారంటోంది! ఫోన్ చేస్తే టక్కున కట్టు! ఏం చేశారు దాన్ని?”

“నిజం చెప్పు బావా,” అన్నాడు బావమరిది రొప్పుతూ. “సముద్రమైతే ఇప్పుడే చెప్పు. నాకసలు ఈత రాదు.”

గొడవ విని భార్య ఖాళీ బుట్టతో దిగివచ్చింది. అత్తగారు ఆమెను బుట్టతో సహా వాటేసుకుని బావురుమన్నారు. అది చూసి ఇంజనీరుకి సిగ్గేసింది. బావమరిది క్యానులోంచే గ్లాసుడు నీళ్ళు వంచి తల్లికి ఇచ్చాడు.

“అమ్మా, ఒక్క నిమిషం!” తెరలోంచి మేనేజరు కేకేశాడు. “ఈ సంగతి మీకెవరు చెప్పారు?”

ఆవిడ ఫోన్ ఎత్తి చూపించారు. అలర్టులన్నీ అందులో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

“భేష్! ఇంతమందిని ఇంత పరుగు పెట్టించాక ఇంకేం పరీక్షయ్యా? యాప్ విడుదల చేసేద్దాం. నీ కుర్చీ నీదే!” అని మేనేజరు మాయమయ్యాడు.

ఇంజనీరు భార్య వైపు తిరిగాడు. “ఆప్తుల దగ్గర నా నంబరు పెట్టలేదా?”

“పెడదామనే అనుకున్నానండీ. ఆపదలో ఫోన్ చేస్తే ఎత్తేదెవరా అని ఆలోచించి, అమ్మది పెట్టాను.”

అతను తన ఫోన్ తీసి చూశాడు. అన్నీ తను కట్ చేసిన అత్తగారి కాల్సే.

సమస్య పరిష్కారమైందని ఆఫీసుకి రాసి పంపాడు. భార్య ఫోన్‌లో ఆప్తుల దగ్గర నంబరు మాత్రం ఇప్పటికీ అత్తగారిదే.